వనపర్తి ప్రాసాదం, గచ్చిబౌలి కంచ: ప్రజల భూమికి రెండు గతులు

తెలంగాణ పల్లెల్లో ‘కంచ’ అంటే పశువుల మేతకు విడిచిన బీడు. కొన్నిచోట్ల దానినే ‘బంచరాయి’ అంటారు. దానికి పట్టాదారు ఉండడు గాని ఊరి పశువులన్నిటికీ అక్కడ మేత ఉంటుంది. రికార్డులో మాత్రం అది ‘సర్కారీ’. ఈ ఒక్క మాటతో వాడుక మరుగున పడి యాజమాన్యం మిగిలింది. తరువాతి వివాదాలకు మూలం ఇదేనని నా అభిప్రాయం.

1949 నాటి జాగీర్ల రద్దు నిబంధన సంస్థానాలను కూడా జాగీర్లలోనే లెక్కించింది. వనపర్తి సంస్థానం అలా ముగిసింది. రాజప్రాసాదం పాలిటెక్నిక్ కళాశాల అయింది. గద్వాల కోటలో డిగ్రీ కళాశాల వెలసింది. ఈ కట్టడాలను నిలిపినది వారసత్వ స్పృహ కన్నా తరగతి గదుల అవసరమే అనాలి.

కంచ గచ్చిబౌలి కథ వేరు. అక్కడి 400 ఎకరాలను 2003లో ఒక ప్రైవేటు సంస్థకు కేటాయించి, 2006లో రద్దు చేశారు. న్యాయస్థానాల్లో నెగ్గిన ప్రభుత్వం ఆ భూమిని అభివృద్ధి పేర వేలానికి సిద్ధపరచింది. 2025 మార్చి చివర యంత్రాలు చెట్లను కూల్చగా విద్యార్థులు అడ్డు నిలిచారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులను ఆపించింది. ప్రభుత్వం గెలిచినది యాజమాన్య వివాదాన్ని మాత్రమే. అక్కడి చెట్లు, జింకలు, నెమళ్ల ప్రశ్న ఆ వ్యాజ్యంలో లేనేలేదు. గ్రామ ఉమ్మడి భూములను అన్యాక్రాంతం కానీయరాదని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో అదే న్యాయస్థానం చెప్పి ఉన్నది.

వనపర్తి 2016లో జిల్లా కేంద్రమైంది. జిల్లా కేంద్రం చుట్టూ భూమి ధర పెరగడం సహజం. అక్కడి కంచల జాడ తీయదలచిన పరిశోధకుడు 1954–55 ఖాస్రా పహాణీతో ఆరంభించి, ఊరి కాపరులను కూడా విచారించాలి.