కోడిగుడ్లను ఉడికించే సరైన పద్ధతి

నిజాం రాజ్యం నుండి కట్టడపు పనులకు వలస వెళ్లిన తెలుగు కామాఠీల పేరు మీదనే ముంబయిలో గ్రాంట్ రోడ్ స్టేషనుకు చేరువనున్న కామాఠీపురా వెలసింది. అక్కడి చాళ్లలో ఒకే ఖోలీలో నలుగురైదుగురు కలిసి వండుకునేవారికి కోడిగుడ్డు సులభమైన, బలవర్ధకమైన ఆహారం. అయితే దానిని ఉడికించుటకు ఒక పద్ధతి కలదు.

గిన్నెలో గుడ్లు మునిగి పైన అంగుళం నిలిచేటన్ని నీళ్లు మరిగించాలి. గుడ్లను గరిటెతో మెల్లగా దించి, మంట తగ్గించి 11 లేక 12 నిమిషాలు ఉంచాలి. వెంటనే చన్నీళ్లలో వేయాలి. మరీ ఎక్కువసేపు ఉడికిస్తే పచ్చసొనలోని ఇనుము, తెల్లసొనలోని గంధకం కలిసి సొన చుట్టూ ఆకుపచ్చని వలయం ఏర్పడుతుంది. అది హానికరం కాదు, కాని రుచి తగ్గుతుంది. ఆనాడే పెట్టిన గుడ్డు పెంకు సరిగా ఊడదు. కొన్ని రోజులు నిలువ ఉన్నది తేలికగా ఊడుతుంది. పసిపిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు సొన గట్టిపడని గుడ్డు పెట్టరాదు.

ముంబయి బస్సెక్కే బిడ్డకు ఉడికించిన గుడ్లు మూటకట్టి పంపడం మన ఊళ్లలో వాడుక. ఉడికినప్పుడు పెంకు మీది సహజమైన పూత పోవుటచేత ఆ గుడ్డు పచ్చిగుడ్డు కంటె త్వరగా చెడుతుంది. ఫ్రిజ్ లేనిచోట రెండు గంటలలోపు, మండువేసవిలో గంటలోపు తినవలెను. కనుక రాత్రి ప్రయాణానికి సకినాలు కట్టి, పచ్చిగుడ్లను ఊకలో సర్ది పంపండి. ఖోలీకి చేరిన పిదప ఉడికించుకుంటారు.