అలలు దారి ఇచ్చినంతసేపే

రోడ్డు ఇంకా తడిగానే ఉంది. కారు చక్రాల కింద సముద్రపు నాచు పచపచమంటోంది. పొద్దున ఇక్కడ కారు మునిగేంత నీళ్ళు. దారి మధ్యలో, ఎత్తైన గుంజల మీద తెల్లటి చెక్కగది. పోటు వేళ లెక్క తప్పినవాళ్ళు కారు వదిలేసి దాని నిచ్చెనెక్కి కూర్చుంటారు. రోజుకు రెండుసార్లు లిండిస్‌ఫార్న్ దీవిని సముద్రం ఇంగ్లాండు నుంచి ఇలా విడదీస్తుంది.

ఊరు నాలుగడుగుల్లో అయిపోతుంది. 635లో క్రైస్తవ సన్యాసి ఎయిడన్ స్థాపించిన మఠం ఇక్కడిదే. 793లో వైకింగులు దోచుకున్నదీ దాన్నే. ఇప్పుడు కనిపించే ఎర్రరాతి శిథిలాలు ఆ తర్వాతి శతాబ్దాల కట్టడానివి. పైకప్పు పోయినా ఒక సన్నటి కమాను మాత్రం ఆకాశంలో అలాగే నిలబడి ఉంది.

రేవు దాటితే తారు పూసిన పాత పడవలు, బోర్లించి తలుపులు పెట్టినవి. వలలు దాచుకునే గుడిసెలన్నమాట. వాటి వెనక గుట్ట, గుట్ట మీద కోట. రాయి ఎక్కడ ఆగిందో గోడ ఎక్కడ మొదలైందో కిందినుంచి తెలియదు. 16వ శతాబ్దం మధ్యలో స్కాట్ల భయంతో, కూలిన మఠం రాళ్ళు మోసుకొచ్చి కట్టారు.

లోపల మాత్రం యుద్ధం వాసన లేదు. 1900ల మొదట్లో కంట్రీ లైఫ్ పత్రిక యజమాని ఎడ్వర్డ్ హడ్సన్ దీన్ని సెలవులు గడిపే ఇల్లుగా మార్పించాడు. మార్చింది వాస్తుశిల్పి ఎడ్విన్ లట్యెన్స్. తర్వాత ఢిల్లీలో నిజాం కోసం హైదరాబాద్ హౌస్ గీసిన మనిషే! అక్కడ దర్జా చూపినవాడు ఇక్కడ తల వంచి నడవాల్సిన చోట్లు పెట్టాడు. నాకిదే నచ్చింది. నిప్పుగూటి పైన, గాలి ఎటు వీస్తోందో చెప్పే ముల్లు. చూస్తుండగానే వణికింది.

కిటికీలోంచి చూస్తే మేత పొలం నడుమ ఒంటరిగా రాతిగోడల చదరం. ఒకప్పుడు సైనికుల కూరగాయల మడి. చూపు మందగించిన వయసులో, 1911లో, తోటల రూపశిల్పి గెర్ట్రూడ్ జెకిల్ దాన్ని పూలతోటగా గీసింది. గొర్రెల మధ్యగా నడిచి గేటు తీశాను. గాలి టక్కున ఆగింది. అప్పటిదాకా చెవుల్లో హోరు, ఇప్పుడు తేనెటీగల రొద. మన పెంకుటింటి పెరడంత జాగా. స్వీట్ పీ తీగల తీపి వాసన, మనిషెత్తు హాలీహాక్‌లు. గోడ దాటి ఎదిగిన కొమ్మ మాత్రం వంగిపోయి ఉంది.

గడియారం చూసుకున్నాను. పోటుకు ఇంకా గంటన్నర. బయటికొచ్చి గేటు గొళ్ళెం రెండుసార్లు లాగి చూశాను. గొర్రె ఒకటి అప్పటికే ముట్టె ఆనించి నిలబడింది.