తొమ్మిదివేల చేవ్రాళ్లు

మారిషసు ద్వీపమున ఉగాది సెలవుదినము. అచ్చటి ప్రాథమిక పాఠశాలలలో తెలుగు చెప్పుదురు. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో ఆ దీవిలోనే జరిగినవి. ఈ సంగతులు మన శ్రోతలలో పలువురెరిగినవే. అచ్చటి తెలుగువారి పూర్వులు ఎట్లు ఓడలెక్కిరో, చెరకు తోటలలో ఏమేమి పడిరో ఆ కథయు కొంత వినియే యుందురు. మేము నేడు చెప్పదలచినది ఆ పెద్ద కథలోని ఒక చిన్న ఘట్టము. అందలి ముఖ్యపురుషుడు తెలుగువాడు కాడు, భారతీయుడును కాడు. పారిసు నగరమున పుట్టి, బ్రతుకు తెరువునకై ఆ దీవికి వచ్చి, మామగారి తోటను చూచుకొనుచుండిన ఒక ఐరోపావాసి. పొరుగున నున్నవారి కష్టమును చూచి ఊరకుండలేక ఒక మహజరు వ్రాసెను. ఆయన పేరు అడాల్ఫ్ డి ప్లెవిట్జ్.

ముందుగా కొంత పూర్వరంగము చెప్పవలసి యున్నది.

ఇంగ్లీషువారి యేలుబడిలో నున్న ఆ దీవిలో బానిసత్వము 1835లో రద్దయ్యెను. నష్టపరిహారము బానిసలకు గాక యజమానులకు ముట్టినది. చెరకు నరకుటకు మనుషులు కావలసివచ్చిరి. రద్దుకు కొలది నెలల ముందే, 1834 నవంబరు 2న, ‘అట్లాస్’ అను ఓడ కలకత్తా నుండి 36 మంది కూలీలను పోర్టు లూయీ రేవున దింపెను. అయిదేండ్ల ఒడంబడిక, నెలకు అయిదు రూపాయల జీతము, తిండిబత్తెము. ఇంగ్లీషు ‘అగ్రిమెంటు’ కూలీల నోట ‘గిర్మిట్’ అయ్యెను. ఆ మాటతోపాటు ఆ బ్రతుకును ప్రపంచమంతట వ్యాపించెను.

తెలుగుసీమ నుండి ఈ ప్రయాణమునకు దారి కోరంగి రేవు. 1832–33లో, నందన నామ సంవత్సరమున, గుంటూరు ప్రాంతమును నాశనము చేసిన కరువును డొక్కల కరువని ఇప్పటికిని పెద్దలు చెప్పుకొందురు. గోదావరిపై ఆనకట్ట 1852లో గాని పూర్తి కాలేదు. ఆ నడుమ కాలమున ఓడ యెక్కిన వానికి వెనుక మిగిలిన దేమున్నదో మనము ఊహించుకొనవచ్చును. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన కోరంగిని తుడిచిపెట్టెను. రేవు పోయినను పేరు పోలేదు. మారిషసులో తెలుగువారిని చిరకాలము ‘కోరంగీలు’ అనియే పిలిచిరి.

ఈ ఎగుమతిని ఆపవలెనని 1838లోనే కలకత్తా టౌన్‌హాలులో సభ జరిగెను, విచారణయు జరిగెను. కొంతకాలము నిషేధము పెట్టిరి, 1842లో మరల తలుపు తెరచిరి. చక్కెర ధరకును మనుష్యుని ధరకును పోటీ వచ్చినపుడు ఆ కాలపు ప్రభుత్వము ఎటు మొగ్గెనో చెప్పనక్కరలేదు.

మా ప్రసంగమునకు సంబంధించినది ఆ తరువాతి కాలము. ఒడంబడిక ముగిసిన కూలీకి స్వదేశమునకు ఉచితముగా ఓడప్రయాణ మిచ్చు పద్ధతిని మారిషసు ప్రభుత్వము 1850ల తొలిభాగమున మానివేసెను. చాలమంది అచ్చటనే నిలిచిపోయిరి. ఒకడు కూరగాయలు పండించెను, ఒకడు ఆవును కొని పాలమ్మెను, ఒకడు చిల్లరకొట్టు పెట్టెను. వీరిని ‘పాత వలసదారులు’ అనిరి. 1871 నాటికి దీవి జనాభాలో మూడింట రెండు వంతులు భారతీయులే. తోట దొరలకు ఇది కంటగింపయ్యెను. అయిదేండ్లు గడచిన కూలి మరల తోటకే రావలెను గాని తన కాళ్లపై తాను నిలువరాదు. ఈ సంకల్పము 1867లో చట్టరూపము దాల్చెను. అంతకు కొలదిగా ముందు దీవిలో మలేరియా చెలరేగి జనము వేలకు వేలుగా చచ్చి యుండుటచేత, దేశదిమ్మరులను అదుపుచేయుట అను సాకు కూడ దొరికెను.

చట్టము చెప్పినది వినుటకు సులభముగనే యుండును. పాత వలసదారు తన ఛాయాచిత్రము గల టిక్కెట్టును ఎల్లపుడు దగ్గర నుంచుకొనవలెను. నివాసము మారినచో పోలీసులకు తెలిపి చీటీ పొందవలెను. ఏ పని చేసి బ్రతుకుచున్నాడో చూపవలెను. ఈ కాగితములలో ఏ యొక్కటి లేకున్నను వాడు దేశదిమ్మరి. వానిని పట్టి న్యాయాధికారి ముందు నిలిపి, గ్రాండ్ రివర్ నొద్దనున్న దేశదిమ్మరుల బందెకు పంపవచ్చును. బందె యను మాట పశువులకు వాడుదురు. ఇచ్చట వేరొక మాట మాకు తోచలేదు.

ఒక మనిషి టిక్కెట్టు వానలో తడిసి పోయినదనుకొందము. మరియొకటి తెచ్చుకొనుటకు పోర్టు లూయీకి నడచిపోవలెను, కచేరీల చుట్టు తిరుగవలెను, ఒక పౌను రుసుము కట్టవలెను. ఒక పౌననగా ఒడంబడిక కూలీకి రెండు నెలల జీతము. ఆ తిరుగుటలో, చేత టిక్కెట్టు లేదు గనుక, త్రోవలోనే పోలీసు పట్టుకొనవచ్చును. టిక్కెట్టు కొఱకు పోవువాడు టిక్కెట్టు లేదను నేరమునకే చిక్కుట ఆ చట్టములోని చమత్కారము. పోలీసులు జట్లుగా బయలుదేరి పల్లెలను చుట్టుముట్టి, దొరికినవారిని దొరికినట్లు తోలుకొనిపోవు దినములుండెను. ఆ కాలపు కాగితములలో దీనికి ‘వేట’ అనియే పేరు.

ఇది దూరకాలపు దూరదేశపు మాట యని శ్రోతలు తలంపవలదు. కరీంనగరము, నిజామాబాదు ప్రాంతముల నుండి గల్ఫు దేశములకు పోయినవారి ఇండ్లలో అడిగినచో, పాస్‌పోర్టు యజమాని పెట్టెలో చిక్కుకొనుట యెట్లుండునో వివరముగా చెప్పగలరు. కాగితము చేత లేని పరదేశి యొక్క భయము నేటికిని ఒక్కతీరుగనే యున్నది.

డి ప్లెవిట్జ్ చూచుకొనుచుండిన తోట పేరు నువెల్ డెకువెర్త్. తోట యనగా ఆయనయు తోట దొరలలోని వాడే, వారి విందులకు పిలువదగినవాడే. ఆయన తొలుత చేసిన పని మిక్కిలి సామాన్యమైనది. తన యొద్దకు వచ్చి మొరపెట్టుకొన్నవారి మాట వినెను. విని, వారి పేరు, వారు తిరిగిన కచేరీలు, కట్టిన రుసుము, పోగొట్టుకొన్న దినములు, పడిన శిక్ష, ఇవన్నియు కాగితమున పెట్టెను. ఒకరి కథ విన్నపుడు దురదృష్టమనిపించును. పదిమంది కథలను ప్రక్కప్రక్కన పేర్చినపుడు అది చట్టము యొక్క నడక యని తేలును. ఈ పేర్చుటయే ఆయన చేసిన గొప్ప పని యని మా యభిప్రాయము. రోషముతో ఉపన్యసించువారు ప్రతి కాలమునందు కొందరుందురు. కూర్చుండి వ్రాసుకొనువారు అరుదు.

దానిని మహజరుగా కూర్చి ఊరూర త్రిప్పుట ఒక్కని వలన నగు పని కాదు. రాజరత్న మొదలియారు అను తమిళుడు దానిని దేశభాషలోనికి మార్చి, జనులకు తెలియజెప్పుటలో తోడుపడెను. చేవ్రాలు చేయుట వారికి చిన్న సాహసము కాదు. పేరు పెట్టినవాడు ఎవడో, ఏ తోటవాడో పోలీసులకు తెలియుట రూఢి. అయినను 9,401 మంది పేర్లు పెట్టిరి. 1871 జూనులో ఆ మహజరు గవర్నరు సర్ ఆర్థరు గోర్డను చేతికి అందినది. అందు తిరుగుబాటు మాట లేదు. చట్టము పేర జరుగుచున్నది విచారింపుడనియు, తోడి ప్రజలవలె మమ్మును బ్రతుకనిండనియు మాత్రమే కోరిరి. డి ప్లెవిట్జ్ దానికి తన వ్యాఖ్యను చేర్చి చిన్న పుస్తకముగా కూడ ప్రకటించెను.

దీవి అట్టుడికిపోయెను. తోట దొరలు, వారి పత్రికలు ఆయనపై విరుచుకుపడిరి. తమలోని వాడే యిట్లు చేయుట వారికి సహింపరాని దయ్యెను. పోర్టు లూయీ నడివీధిలో ఆయనను కొట్టిరి. వందలమంది కూడి, ఈ మనిషిని దీవి నుండి వెడలగొట్టుడని గవర్నరునకు ఎదురు మహజరు పంపిరి. గవర్నరు ఒప్పుకొనలేదు. ఒక మహజరుపై తొమ్మిదివేల చేవ్రాళ్లు, మరియొకదానిపై కొన్ని వందలు. ఆ వందలలో దీవి సంపద యంతయు నుండెనని మరువరాదు. డి ప్లెవిట్జ్ భారతీయులతో ఎదిరింపుమని గాని, తోటలను తగులబెట్టుమని గాని చెప్పిన వాడు కాడు. ఆ ఉద్రిక్తకాలమున కూలీల వైపు నుండి దౌర్జన్యము పెచ్చుపెరుగకుండుట ఈ కథలో మేము మిక్కిలి మెచ్చు అంశము. కొట్టినవారు చదువుకొన్నవారు. ఓర్చుకొన్నవారు చేవ్రాలు చేయుట కూడ కష్టమైనవారు.

లండను ప్రభుత్వము రాయల్ కమిషనును నియమించెను. ఫ్రేర్, విలియమ్సన్ అను ఇద్దరు కమిషనర్లు 1872లో దీవికి వచ్చి, తోటలు తిరిగి, పుస్తకములు తిరుగవేసి, సాక్షులను విచారించిరి. వీరిలో ఫ్రేర్ అంతకు పూర్వమే బ్రిటిషు గయానాలో ఇట్టి విచారణయే చేసియున్నవాడు. 1875లో వెలువడిన నివేదిక పెద్ద గ్రంథము. డి ప్లెవిట్జ్ వ్రాసిన ప్రతి మాటను వారు అంగీకరింపలేదు, కొన్నింట అతిశయము కలదనిరి. కాని చట్టము కఠోరముగా నడచుచున్నదనియు, నిరపరాధులు వేటాడబడుచున్నారనియు మూలవిషయమున ఆయన మాటనే నిలిపిరి. 1878లో క్రొత్త కార్మిక చట్టము వచ్చెను.

అంతటితో అన్నియు చక్కబడెనని చెప్పినచో చరిత్రకు అన్యాయము చేసినవారమగుదుము. కూలి ఒక్క దినము పనికి రాకున్నచో రెండు దినముల జీతము కోయు పద్ధతి యొకటి యుండెను. దానికి ‘జమిలి కోత’ యని పేరు పెట్టవచ్చును. అది ఇరువదవ శతాబ్దపు మొదటి సంవత్సరముల దాక తోటలలో సాగెను.

గవర్నరు గోర్డను సంగతి మరియు విచిత్రము. మహజరును త్రోసిపుచ్చక ఆదరించిన ఆ ప్రభువే 1875లో ఫిజీ దీవులకు గవర్నరై పోయెను. అచ్చటి ఆదిమవాసులను తోటపనికి లాగరాదను మంచి తలంపుతో, ఆ పనికి భారతదేశము నుండి ఒడంబడిక కూలీలను రప్పించు ఏర్పాటు చేసెను. 1879 మే నెలలో ‘లియోనిడాస్’ అను ఓడ కలకత్తా నుండి ఫిజీ చేరెను. 1903 నుండి మద్రాసు ఓడలును పోయినవి, వానిలో మన తెలుగువారును పోయిరి. మారిషసులో ఏ పుండును చూచి చలించెనో ఆ పుండునకే ఫిజీలో చోటిచ్చెను. పై నుండి వచ్చు దయకు ఇట్టి హద్దులుండును. అది ఒక జాతిని కాచుటకై మరియొక జాతి భుజములను వెదకును.

డి ప్లెవిట్జ్ పోయిన తరువాత ఆ పనికి మారిషసులో చిరకాలము వారసుడు లేకపోయెను. 1901 చివర దక్షిణాఫ్రికా నుండి స్వదేశమునకు వచ్చుచు గాంధీగారు సుమారు మూడు వారములు ఆ దీవిలో ఆగిరి. బిడ్డలకు చదువు చెప్పించుడని, రాజకీయములలో పాల్గొనుడని అచ్చటివారికి బోధించిరి. ఆయన ప్రోత్సాహమున 1907లో మణిలాల్ డాక్టర్ అను యువ న్యాయవాది పోర్టు లూయీలో దిగెను. డాక్టర్ యనునది వారి ఇంటిపేరు, వైద్యుడని భ్రమపడరాదు. ఆయనయు డి ప్లెవిట్జ్ చేసిన పనియే మరల మొదలిడెను. తోటలకు పోవుట, కూలి మాట వినుట, అర్జీ వ్రాయుట, న్యాయస్థానమున నిలుచుట. 1909లో ‘హిందుస్థానీ’ యను పత్రికను స్థాపించెను. ఆ సంవత్సరమే వచ్చిన మరియొక రాయల్ కమిషను, ఒడంబడిక కూలీల రాక ఇక చాలునని చెప్పెను. 1910లో ఆ దీవికి రాక నిలిచెను. మణిలాల్ తరువాత ఫిజీకి పోయి అచ్చటను అదే పనిలో దిగెను. 1910లో గోఖలేగారు, 1916లో మాలవీయగారు మన శాసనసభలో పట్టుబట్టుట, 1917లో ఓడలు నిలుచుట, 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన ఒడంబడికలు రద్దగుట, ఇవి చరిత్ర పుస్తకములలో విస్తారముగా కలవు గనుక మేమిచ్చట పెంచము.

డి ప్లెవిట్జ్ మారిషసును విడిచి పసిఫికు దీవులకు పోయెను. నేడు వనువాటు అని పిలువబడు న్యూ హెబ్రిడీసులో 1893లో కన్నుమూసెను.

మారిషసులో మోకా యను చోట మహాత్మాగాంధీ సంస్థ కలదు. ఒడంబడిక కూలీల దస్తరములు అచ్చట భద్రముగా నున్నవి. ఓడ పేరు, సంఖ్య, తండ్రి పేరు, ఊరు, ఒంటిపై పుట్టుమచ్చ. 1860ల నుండి తీయించిన టిక్కెట్టు ఛాయాచిత్రములును వానిలో కలవు. ఓడ యెక్కినపుడు మనవారి ఇంటిపేర్లు రాలిపోయెను, తాత పేరే మనుమలకు ఇంటిపేరయ్యెను. అందుచేత తమ మూలమును వెదకువారు ఆ సంఖ్యను పట్టుకొనియే పోవలసి యుండును. మనిషిని కట్టివేయుటకు తీసిన ఆ చిత్రములను చూచుటకు నేడు ముని మనుమలు అచ్చటికి పోవుచుందురు. దస్తరము విప్పగా, పలకపై సంఖ్యతో కూర్చుండబెట్టబడిన ముఖ మొకటి తమ ఇంటి పిల్లవాని పోలికతో కనబడును. ఊరి పేరున్న గడిలో ఇంగ్లీషు గుమాస్తా తన చెవికి వినబడినట్లు వ్రాసికొన్న అక్షరములుండును. వానిని రెండుమూడు మారులు పైకి చదివినచో, గోదావరి మండలములోని యేదో యొక పల్లె పేరు పలుకును.