ఎముకలు గుల్లబారినా విరిగేదాకా తెలియదు.. 50 దాటితే జాగ్రత్త

ఫజర్‌కి వజూ చేయబోయి నానీ బాత్రూమ్‌లో జారిపడింది, తుంటి విరిగింది.. ఇలాంటి మాట మన ఇళ్లల్లో వింటూనే ఉంటాం. వయసైపోయింది కదా అని సరిపెట్టుకుంటాం. కానీ నిలబడి ఉన్న మనిషి కింద పడినంత మాత్రానికే ఎముక విరిగిందంటే, అది ముందే గుల్లబారి ఉండొచ్చు. దీన్నే ఆస్టియోపోరోసిస్ అంటారు. నొప్పి ఉండదు, అందుకే చాలామందికి విరిగాకే తెలుస్తుంది.

ఎంతమందికి?

50 దాటిన ఆడవాళ్లలో ముగ్గురిలో ఒకరికి, మగవాళ్లలో ఐదుగురిలో ఒకరికి ఈ కారణంగా ఎముక విరిగే ప్రమాదం ఉందని ఇంటర్నేషనల్ ఆస్టియోపోరోసిస్ ఫౌండేషన్ అంచనా. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పేద కుటుంబాల్లోని 30-60 ఏళ్ల ఆడవాళ్లు 289 మందిని పరీక్షించి 2005లో ఫలితాలు ప్రచురించింది. తుంటి దగ్గర 29 శాతం మందికి ఆస్టియోపోరోసిస్ కనిపించింది. వాళ్ల తిండిలో కాల్షియం చాలా తక్కువ.

ఎవరికి రిస్క్ ఎక్కువ?

- నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకు. ఎముకల్ని కాపాడే ఈస్ట్రోజెన్ హార్మోన్ అప్పుడు తగ్గిపోతుంది.
- చిన్న వయసులోనే గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీయించుకున్నవాళ్లకు. గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన రెండు రాష్ట్రాలూ ఉన్నాయి.
- ఆస్తమా, కీళ్లవాతానికి నెలల తరబడి స్టెరాయిడ్ మందులు వాడేవాళ్లకు.
- సిగరెట్, బీడీ తాగేవాళ్లకు, బాగా సన్నగా ఉన్నవాళ్లకు.
- అమ్మీకో, అబ్బాకో తుంటి విరిగి ఉంటే పిల్లలకు.
- ఎండ తగలనివాళ్లకు. ఎండ లేకపోతే విటమిన్ డి తగ్గుతుంది, తిన్న కాల్షియం ఒంటికి పట్టదు.

టెస్ట్ ఏంటి?

డెక్సా స్కాన్. రిపోర్టులో టి-స్కోర్ చూడాలి. మైనస్ 1 కంటే తగ్గితే ఎముక పలచబడుతున్నట్టు, మైనస్ 2.5 లేదా అంతకంటే తగ్గితే ఆస్టియోపోరోసిస్. నడుము వంగిపోతున్నా, ఎత్తు తగ్గినట్టు అనిపించినా డాక్టర్‌ని అడగండి. మందులు ఉన్నాయి. కాకపోతే మధ్యలో సొంతంగా ఆపకూడదు.

ఇంట్లో ఏం చేయాలి?

పెద్దవాళ్లకు రోజుకు కనీసం 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. పాయా తాగితే చాలని అనుకుంటాం గానీ, ఆ రసంలోకి దిగే కాల్షియం తక్కువే. పాలు, పెరుగు, రాగులు, నువ్వులు, ముళ్లతో తినే చిన్న చేపలు మేలు. ఎండ కోసం పరదా మానక్కర్లేదు. చాటు ఉన్న మేడ మీదో, పెరట్లోనో చేతులకు, కాళ్లకు కాసేపు ఎండ తగలనిస్తే చాలు. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ దీనికి పనికిరాదు. రోజూ నడవాలి.

వజూ చేసే చోట నీళ్లు నిలవకుండా చూడండి, గోడకు పట్టుకునే కడ్డీ పెట్టించండి, తహజ్జుద్‌కి లేచేవాళ్ల దారిలో లైటు వేసి ఉంచండి. వెన్నుపూస విరిగినవాళ్లను వంగొద్దని డాక్టర్ చెబితే, కుర్చీలో కూర్చుని నమాజ్ చదువుకునే వెసులుబాటు దీన్‌లో ఉంది. అమ్మీ మొహమాటపడితే ఆ మాట మనమే గుర్తు చేయాలి.