షత్రంజ్ పటం మీద ఇరవై అంకెల సంఖ్య

షత్రంజ్ కనిపెట్టిన హిందూస్తానీ పండితుడు బాద్షాను గోధుమ గింజలు ఇనాముగా అడిగిన కథ వినని వారుండరు. మొదటి గడికి ఒకటి, రెండవ గడికి రెండు, మూడవదానికి నాలుగు, ఇట్లా అరవై నాలుగు గళ్ళదాకా రెట్టింపు చేస్తూ పోవాలి. మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు. లక్షా ఎనభై నాలుగు వేల కోటి కోట్ల పైమాటే.

చాలా ఏళ్ళ కిందట ఏడవ తరగతిలో ఈ కథ చెబుతుంటే ఒక కుర్రవాడు లేచి, "సార్, ఇది నిజమేనా? ఇన్ని గింజలు ఎవరు లెక్కపెట్టారు?" అన్నాడు. "పుస్తకంలో ఉంది, కూర్చో" అన్నాను. నాకూ జవాబు తెలియదు మరి!

ఆ తరువాత ఇబ్న్ ఖల్లికాన్ (1211–1282) గ్రంథం 'వఫయాతుల్ ఆయాన్' సంగతి తెలిసి సిగ్గుపడ్డాను. అంతటి పండితుడికీ అదే అనుమానం వచ్చిందట. బగ్దాదు ఆటగాడు అస్సూలీయే షత్రంజ్ కనిపెట్టాడని జనం పొరపాటు పడుతున్నారని చెబుతూ ఈ కథ ఎత్తుకున్నాడు. ఇస్కందరియా లెక్కల గుమాస్తా ఒకడు కాగితం మీద రాసి చూపేదాకా ఆయన నమ్మలేదు. ఆ గుమాస్తా గింజలు లెక్కపెట్టలేదు, కొలతలు మార్చుకుంటూ పోయాడు. పదహారవ గడిలో 32,768 గింజలు. అది ఒక ఖదహ్, అంటే మిసర్ దేశపు చిన్న కొలపాత్ర అనుకున్నాడు. నలభయ్యవ గడి వచ్చేసరికి 1,74,762 ఇర్దబ్‌లు దాటింది. దాన్ని ఒక గాదె అన్నాడు. యాభయ్యవ గడికి 1,024 గాదెలు, అది ఒక నగరం. చివరి గడికి 16,384 నగరాలు! లోకంలో అన్ని నగరాలెక్కడివి?

ఇంతకు ముందే, సుమారు 1000వ సంవత్సరంలో, అల్ బిరూనీ తన 'ఆసారుల్ బాఖియా'లో ఈ సంఖ్యను తప్పు లేకుండా రాశాడు. ఆయన అరవై నాలుగు సార్లు కూడలేదు. ఏ గడిలోని గింజలైనా, దాని ముందు గళ్ళన్నింటి మొత్తం కంటే సరిగ్గా ఒకటి ఎక్కువ. కాబట్టి లేని అరవై అయిదవ గడిని లెక్కకట్టి ఒకటి తీసేస్తే చాలు. దానికీ దగ్గర దారి ఉంది: రెండును రెండుతో గుణిస్తే 4, దాన్ని దానితోనే గుణిస్తే 16, ఆపైన 256, 65,536, 4,29,49,67,296. ఇంకొక్కసారి గుణిస్తే అరవై అయిదవ గడి. ఆరు గుణకారాలతో పని తీరిపోయింది.

వింత ఇంకొకటుంది. 2తో మొదలుపెట్టి ఈ మెట్లలో చివరిది తప్ప ప్రతిదానికీ ఒకటి కలపండి: 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297. ఈ ఆరింటినీ గుణిస్తే మన గోధుమల సంఖ్యే వస్తుంది! ఇలాంటివన్నీ ప్రధాన సంఖ్యలేనని 1640లో ఫ్రాన్సు దేశపు ఫెర్మా అనుకున్నాడు. మొదటి అయిదింటి మాట నిజమే. ఆరవది మాత్రం 641తో భాగింపబడుతుందని 1732లో ఆయిలర్ చూపించాడు.

ఈ మధ్య ఏడవ తరగతి పిల్లలచేత 641ని 67,00,417తో బోర్డు మీద గుణింపించాను. రెండుసార్లు తప్పు వచ్చింది. మూడోసారి 4,29,49,67,297 సరిగ్గా దిగింది. వెనక బెంచీ పిల్ల ఒకతె, "ఇంకోసారి చేసి చూస్తాను సార్" అంది. చాక్‌పీసు ఆమె చేతికిచ్చి నేను పక్కకు తప్పుకున్నాను.