పొయ్యి గట్టెక్కింది

పాత వంటింటిని సొంతంగా బాగుచేసుకోవాలనుకున్నవాళ్ల చెయ్యి ముందు పడేది గట్టు మీదే. అంచులు అరిగి, చింతపండు పులుసూ నిమ్మరసమూ ఒలికిన చోటల్లా తెల్లని మరకలు తేలిన నల్ల కడప రాయి. దాన్ని తీసి కొత్త గ్రానైటు వేస్తాం, కానీ ఎత్తు మాత్రం పాతదే ఉంచుతాం. ఆ ఎత్తు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే అలా ఉంచబుద్ధి కాదు.

తరతరాలుగా మన వంట నేల మీద కూర్చుని చేసే పని. మట్టి పొయ్యి, ఊదుగొట్టం, కత్తిపీట, సన్నికల్లు, రోలు అన్నీ కూర్చున్న మనిషి చేతికి అందేలా అమరినవే. పొయ్యి మీది గిన్నె పీట మీద కూర్చున్నావిడ మోచేతికి అటూఇటూగా ఉండేది. పాతవాళ్ల వంటిల్లు అనగానే వెనకబాటు అనేస్తాం గానీ, ఆ అమరిక వెనక ఒక కొలత ఉంది. నిజమైన బాధ పొగ. కళ్లూ ఊపిరితిత్తులూ పాడయ్యింది దానివల్లే.

ఆ పొగ మీద పనిచేసినవాళ్లలో ఎస్.పి. రాజును మనం మరిచిపోకూడదు. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో ఆయన పొగలేని మట్టి పొయ్యికి రూపమిచ్చారు. ఒక్క మంట మీదే వరసగా రెండు మూడు గిన్నెలు ఉడికేవి, పొగ గొట్టంలోంచి కప్పు పైకి పోయేది. 1953లో ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ అని చిన్న పుస్తకం కూడా వేశారు. ఆ పొయ్యి పొగను బయటికి పంపింది, వండే మనిషిని మాత్రం నేల మీదే కూర్చోనిచ్చింది. నా మటుకు నాకు అది చాలా మర్యాద తెలిసిన ఆలోచన అనిపిస్తుంది.

పొయ్యిని పైకి లేపింది గ్యాసు. 1955లో బర్మా షెల్ ముంబైలో వంటగ్యాసు అమ్మకం మొదలుపెట్టింది. 1965 అక్టోబరు 22న ఇండేన్ తొలి కనెక్షన్ కలకత్తాలో ఇచ్చారు. సిలిండరుతో పాటు రెండు నియమాలు కూడా ఇంట్లోకి వచ్చాయి. సిలిండరు నిటారుగా నిలబడాలి. స్టవ్ దానికంటే ఎత్తులో ఉండాలి. ఇక పొయ్యి నేల మీద ఉండే వీల్లేదు. దొరల బంగళాల వంటశాలల్లో నిలబడి వండే గట్లు అంతకుముందే ఉన్నాయి గానీ, మామూలు ఇళ్లలోకి గట్టును తెచ్చింది ఈ ఎర్ర సిలిండరే అని నా నమ్మకం. ముందు బల్ల మీద పెట్టుకున్నారు, తర్వాత ఇటుకల గోడల మీద రాతిపలక పరిచారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం వచ్చాక పల్లెటూళ్ల ఇళ్లలోనూ ఈ మార్పు ఊపందుకుంది.

ఆ పలక కడప రాయి కావడానికి కారణం దాని పుట్టుకే. ఎర్రగుంట్ల చుట్టుపక్కల గనుల్లో ఈ సున్నపురాయి పొరలు పొరలుగా ఊడివస్తుంది, పెద్దగా కోయకుండానే చదునైన పలక తయారు. చవక కావడంతో ముంబై దాకా వెళ్లి అక్కడి వంటిళ్లలోనూ గట్టయింది, గూళ్లలో అరలయింది. సున్నపురాయి గనకే పులుపుకు ఓడిపోతుంది. చీమకుర్తి నుంచి బంగారు చుక్కల నల్ల గ్రానైటు వచ్చాక ఆ బెడద తీరింది. ఎత్తు సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

పట్టించుకున్నవాళ్లు వేరేచోట ఉన్నారు. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎర్న్‌స్ట్ మై ఆధ్వర్యంలో కార్మికుల కోసం కొత్త ఇళ్లు కడుతుంటే, మార్గరెటె షుట్టె-లిహోట్‌స్కీ అనే ఆర్కిటెక్టు వాటికి వంటిల్లు గీసింది. రైలు భోజనశాల పెట్టెలో ఇరుకు చోట వండే తీరు చూసింది. వంట చేసేవాళ్లు వేసే అడుగుల్ని లెక్కగట్టిన అమెరికా రచయిత్రి క్రిస్టీన్ ఫ్రెడరిక్ పుస్తకం చదివింది. చివరికి వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు ఉన్న గదిలో అన్నీ అమర్చింది. సుమారు పది వేల ఇళ్లలో ఆ వంటిళ్లు వచ్చాయి. ఈనాటి మాడ్యులర్ కిచెన్లకు అదే మూలం. నన్ను కట్టిపడేసేది మాత్రం వేరే విషయం: కిటికీ కింద కూరగాయలు తరిగే బల్ల దగ్గర ఆమె తిరిగే స్టూలు ఒకటి పెట్టింది. నిలబడి వండే వంటిల్లు గీసిన మనిషి కూడా కూర్చునే చోటును మరిచిపోలేదు. మన గట్టు పొయ్యిని లేపింది, పీటను తీసేసింది, బదులుగా ఏమీ ఇవ్వలేదు. మోకాళ్లు పట్టేసిన అత్తయ్యలు గంటలకొద్దీ నిలబడి దోసెలు పోయడం ఏ ఇంట్లో చూసినా నా మనసు చివుక్కుమంటుంది.

కాబట్టి గట్టు మార్చేముందు ఎక్కువగా వండే మనిషి మోచెయ్యి కొలవండి. అయిదడుగుల మనిషికి అది నేల నుంచి సుమారు 38 అంగుళాలు ఉంటుంది. తరగడానికి, పిండి కలపడానికి గట్టు దానికంటే నాలుగు నుంచి ఆరు అంగుళాలు కిందుంటే హాయి. అంటే 33 సరిపోతుంది. కానీ దాని మీద నాలుగంగుళాల స్టవ్, ఆపైన అయిదంగుళాల గిన్నె పెడితే అంచు 42 దగ్గరికి పోతుంది. ఉడుకుతున్న చారులో గరిటె తిప్పడానికి భుజం ఎత్తాల్సిందే. ఒకే ఎత్తు రెండు పనులకూ కుదరదు. స్టవ్ పెట్టే భాగం నాలుగైదు అంగుళాలు దించి కట్టించండి, తరిగే భాగం కింద కాళ్లు పట్టేంత ఖాళీ వదిలి స్టూలు వేయండి. మేస్త్రీని పిలిచేముందు ఇటుకల మీద చెక్క పెట్టి కొన్నాళ్లు దాని మీదే వండి చూసుకోండి. ఈ పనికి ఎవరి సాయమూ అక్కర్లేదు, ఖర్చూ లేదు.

పాత పలకను సుత్తితో బాదకండి. అది గోడ గాడిలోకి దిగి ఉంటుంది. చుట్టూ సిమెంటు ఉలితో తొలిచి, ఇద్దరు పట్టుకుని లాగితే ముక్కలవకుండా వస్తుంది. సామాను గదిలో అరకు వాడుకోవచ్చు.

దించిన భాగం కింద సిలిండరు పెట్టాలనుకుంటే రెగ్యులేటరుతో సహా దాని ఎత్తు కొలిచి, పైన మీట తిప్పడానికి చెయ్యి దూరేంత జాగా ఉందో లేదో చూడండి. లేకపోతే పక్క భాగం కిందికి జరపండి. అప్పుడూ స్టవ్ సిలిండరుకన్నా పైనే ఉండాలి. ట్యూబు ఒకటిన్నర మీటరు దాటకూడదు, గోడలోంచి పోకూడదు. అల్మారా తలుపులు బిగిస్తే కింది అంచున గాలిరంధ్రాలు తప్పనిసరి, ఎందుకంటే సిలిండరు గ్యాసు గాలికంటే బరువు, కారితే నేలను పట్టుకుంటుంది. హైదరాబాదు, విజయవాడల్లో కొన్ని పేటలకు వస్తున్న పైపు గ్యాసు గాలికంటే తేలిక. దానికి మారినవాళ్లు ఆ రంధ్రాలు పైన పెట్టించుకోవాలి.