సంధ్యాకాల నగర ఛాయాగ్రహణము

ఆకాశపు వెలుగును, వీధిదీపముల వెలుగును ఇంచుమించు సమబలముతో నిలుచు ఆ కొద్ది నిమిషములలో, సూర్యోదయమునకు ముందుగాని సూర్యాస్తమయానంతరమున గాని, నగరదృశ్యములను ఫోటో తీయు కళకు సంధ్యాకాల ఛాయాగ్రహణమని పేరు. సూర్యుడు క్షితిజమునకు 6 డిగ్రీలు దిగువకు చేరువఱకు గల కాలము పౌరసంధ్య. లండనులో జూన్ మాసమున ముప్పావు గంట నిలుచు ఈ వెలుగు, హైదరాబాదు ప్రాంతమున 25 నిమిషములకు మించదు. కావున మన ఛాయాగ్రాహకునకు తొందర ఎక్కువ. సూర్యుడస్తమించిన పిదప సుమారు ప్రతి మూడు నిమిషములకు వెలుగు సగమగుచుండును. నడినెత్తిన అప్పుడు కానవచ్చు గాఢనీలమునకు, పసుపు నారింజ కిరణములను ఓజోను హరించుటయే ముఖ్యకారణమని శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ హల్బర్ట్ 1953లో చూపెను.

ఈ కళ చిరకాలము సాధ్యపడకపోవుటకు హేతువు ఫోటోపలకల స్వభావమే. తొలినాటి పలకలు నీలకాంతికే స్పందించునవి. సంధ్యారాగము వానికి చీకటితో సమానము. 1873లో రసాయనశాస్త్రజ్ఞుడు హెర్మన్ ఫోగెల్ రంజకద్రవ్యములను చేర్చి పలకలకు ఆకుపచ్చ వర్ణమును గ్రహించు శక్తిని కల్పింపగా, 1906లో సర్వవర్ణగ్రాహకములైన పలకలు విక్రయమునకు వచ్చెను. ఈ లోపలనే పాల్ మార్టిన్ 1895-96లో లండను గ్యాసుదీపముల కాంతిలో వీధులను చిత్రించెను. ఎడ్వర్డ్ స్టైకెన్ 1904లో న్యూయార్కు ఫ్లాటైరన్ భవనమును సంధ్యాచ్ఛాయలలో చూపెను. ఛాయాగ్రాహకుడు బ్రస్సాయ్ పారిస్ రాత్రులను చూపిన గ్రంథము 1930లనాటిది.

తెలుగుదేశమునందు నగర ఛాయాగ్రహణమునకు పునాది వేసినవారిలో ప్రముఖుడు రాజా దీన్‌దయాళ్. మీరట్ చెంతనున్న సర్ధనలో 1844లో జన్మించి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడై, సికింద్రాబాదున స్టూడియో నెలకొల్పి, ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు పొందిన ఆయన, హైదరాబాదు కట్టడములను గాజుపలకలపై నిలిపి 1905లో కీర్తిశేషుడయ్యెను. అయినను ఆనాటి పలకకు పగటి వెలుగే శరణ్యము. నగరమున విద్యుద్దీపములు వ్యాపించి, ఫిల్ము వేగము పెరిగిన పిదపగాని నగరసంధ్య ఫోటోకు లొంగలేదు.

హైదరాబాదు ఈ కళకు స్వభావసిద్ధముగ తగిన నగరము. టాంక్‌బండ్ హుస్సేన్‌సాగరమునకు తూర్పు గట్టు గనుక, సాయంకాలమున అచ్చట నిలిచినవానికి 1992లో ప్రతిష్ఠితమైన బుద్ధవిగ్రహము పడమటి కెంపుపై నల్లని రేఖగ తోచును. ఉదయమున దానినే చిత్రింపదలచినవాడు నెక్లెస్ రోడ్డు వైపునకు పోవలెను. 1591 నాటి చార్మినారు తోరణములు నాలుగు దిక్కులకు తెఱచియుండుటచే, లాడ్‌బజారు వైపున సూర్యుడు దిగునప్పుడు తూర్పున నిలిచిన కెమెరాకు ఆ వెలుగు తోరణము గుండ చేరును. అంగళ్ల దీపములు వెలుగుచుండగ, ఆకాశము పూర్తిగ నలుపెక్కకుండ ఉన్న ఆ వ్యవధియే చిత్రమునకు ప్రాణము. ఆకాశము నల్లబడిన పిదప తీసినది రాత్రిచిత్రమే.

నగరదీపములకు దూరముగ, హైదరాబాదునకు ఉత్తరమున, రాజీవ్ రహదారికి చేరువనున్న వర్గల్ (సిద్దిపేట జిల్లా) గుట్టపైని విద్యా సరస్వతీ ఆలయమునకు ప్రసిద్ధము. అక్షరాభ్యాసములకు జనులు చేరు ఈ గుట్టపై సంధ్య నగరసంధ్య వంటిది కాదు. ట్రైపాడ్ నిలిపి, కెమెరా తలుపు తెఱచియుండు కాలమును సెకనులో ముప్పదవ వంతు నుండి క్రమముగ నాలుగు సెకనుల వఱకు పెంచుచు పోయినచో, మొదటి చిత్రములలో గుండ్రాళ్ల ఎరుపును, కడపటివానిలో గోపురదీపములును నీలిమయు కానవచ్చును. దీపములు తక్కువైన చోట ఆకాశమునకే పెద్దపీట. నగరమును మాత్రమే చిత్రించువారు ఈ పాఠమును తప్పక నేర్వవలెను.

2017-18లలో హైదరాబాదు నగరపాలక సంస్థ వీధులలో సోడియం దీపముల స్థానమున ఎల్‌ఈడీ దీపములను పెట్టించుటతో నగరసంధ్య వర్ణమే మారిపోయినది. నీలాకాశమునకు ఎదురుగ నిలిచిన సోడియం దీపముల పసుపుపచ్చని కాంతి నేడు అరుదు. కావున ఆ దీపముల కాలపు చిత్రములు గలవారు ప్రతి చిత్రమునకు తేదీని, స్థలమును, వేళను చేర్చి వ్రాసి భద్రపఱుపవలెను.